నేను చూడని అతుకు

ఒక్క సంతకం ఇన్నేళ్లుగా నా గుండెల మీద కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఇంట్లో వాళ్లతో చెప్పలేకపోయాను.

తొంభైల చివర్లో మండపేటలో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో చేరాను. రైసు మిల్లుల్లో ధాన్యాన్ని వేడినీళ్లలో నానబెట్టే ఇనప ట్యాంకులు చేసేవాళ్లం. డిప్లొమా చదివానని అందరూ ఇంజినీరు గారూ అనేవారు. ఆ పిలుపు నా తలకెక్కింది. ట్యాంకులు కారుతున్నాయని మిల్లుల వాళ్లు తిడుతుంటే, సరుకు బయటికి వెళ్లేముందు పరీక్ష ఉండాలని యజమానికి చెప్పింది నేనే. అతుకుకి బయటివైపు సున్నం, లోపలివైపు కిరసనాయిలు పూయాలి. గంట ఆగాలి. సన్నని చిల్లున్నా సున్నం మీద మరక తేలుతుంది. తర్వాత రిజిస్టరులో 'చూశాను' అని రాసి సంతకం పెట్టాలి. ఫిర్యాదులు తగ్గాయి. యజమాని ఆ రిజిస్టరుని వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవారు.

ఒకసారి కొవ్వూరు దగ్గరి మిల్లుకి ట్యాంకు వెళ్లాలి. మర్నాడు పొద్దున వర్జ్యం రాకముందే లారీ కదలాలన్నారు యజమాని. ఆ మధ్యాహ్నం సున్నం పూయించాను. కిరసనాయిలు పూయలేదు. ఎదుటి టీకొట్టులో క్రికెట్ చూస్తూ కూర్చుండిపోయాను. వెళ్లేటప్పుడు సంతకం మాత్రం పెట్టేశాను. పొద్దున్నే చూద్దాంలే అనుకున్నానా? చూడకపోతే ఏమవుతుందిలే అనుకున్నానా? తెలియదు. తెలియదనడం కూడా తప్పించుకోవడమేనేమో.

పొద్దున నేను వెళ్లేసరికే ట్యాంకుకి పసుపు రాసి బొట్టు పెట్టేశారు. వెల్డర్ వీర్రాజు నా దగ్గరికొచ్చాడు. వయసులో నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద.

"ఇంజినీరు గారూ, కింది మూల అతుకేసేటప్పుడు కరెంటు ఊగిందండి. నాకెందుకో అనుమానంగా ఉంది. మరకేమన్నా తేలిందాండి?"

"లేదు."

"పోనీ ఇంకోసారి పూసి చూద్దామాండి?"

"బొట్టు పెట్టినదానికి కిరసనాయిలు పూస్తావా వీర్రాజూ? చూశానన్నాను కదా!"

"మీరు చూశారంటే ఇంకేంటండి" అని నవ్వి కొబ్బరికాయ తేవడానికి వెళ్లాడు. లారీ కదిలింది.

నెల తిరక్కుండా ఆ మూలే విచ్చుకుంది. వేడినీళ్లు మీద పడి మిల్లులో పనిచేసే ఒకావిడ కాళ్లు కాలిపోయాయి. ఆవిడ పేరు నేను అడగలేదు. యజమాని రిజిస్టరు తెరిచి నావైపు చూశారు. పరీక్షలో బాగానే ఉందనీ, వీర్రాజు లోపల సరిగ్గా నింపకుండా పైపైన నున్నగా చేసి ఉంటాడనీ నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. వీర్రాజు అక్కడే ఉన్నాడు. నాతో అన్న మాటలు బయటపెడతాడని భయపడ్డాను. పెట్టలేదు. ఇంజినీరు గారు చూశారు కాబట్టి తప్పు తన చేతిదే అయ్యుంటుందని తల దించుకున్నాడు. అతను నన్ను కాపాడలేదు. నమ్మాడు. ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేశారు. మళ్లీ వెల్డింగ్ ముట్టలేదని తర్వాత విన్నాను.

కొన్నేళ్లకి పెద్దాపురం జాతరలో జీళ్లు అమ్ముతూ కనిపించాడు. తప్పుకుందామనుకునేలోపే నమస్కారం పెట్టాడు. అతను అడిగింది ఒక్కటే, ఆవిడ ఇప్పుడు నడుస్తోందా అని. నడుస్తోందన్నాను. నాకేం తెలుసు? అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా! అతనిచ్చిన జీళ్ల పొట్లం పట్టుకుని వచ్చేశాను, సిగ్గులేకుండా.

ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం నాది. కొత్తవాళ్లకు పాఠాలు చెబుతాను. చూడనిదే సంతకం పెట్టొద్దంటాను. చెబుతుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. క్షమించమని ఎవర్నీ అడగను, కాలినవి నా కాళ్లు కావు. కానీ ఆ కాళ్లను తానే కాల్చానని ఒక మంచి పనివాడు ఇంకా బాధపడుతూ ఉండొచ్చు. అతనికి చెప్పాల్సిన మాట ఇన్నాళ్లకు కాగితం మీదికి వచ్చింది.

వీర్రాజు గారూ, నేను చూడలేదండి.