కుట్లు విప్పి మళ్లీ కుట్టారట

డోర్నకల్‌లో రైలెక్కి ఆమె నా ఎదుటి సీట్లో కూర్చుంది. ఆమెతో వచ్చిన మనిషి కాసేపట్లోనే రెండుసార్లు లేచి బాత్రూముకు వెళ్లాడు. ఆమె నన్ను చూసి నవ్వింది.

"మా తమ్ముడక్కా. నా కిడ్నీ ఇచ్చిన. గిట్ల ఒంటికి లేస్తుంటె, అది పనిచేస్తున్నదని నాకు సంబురమైతది."

నేనూ మా తమ్ముడికి ఇచ్చానని చెప్పాను. ఆమె ముందుకు జరిగి ఆపరేషన్ సంగతి చెప్పసాగింది. కిడ్నీ అమర్చాక డాక్టర్లు రక్తనాళానికి చిన్న మిషన్ తగిలించి, రక్తం ఎంత పారుతుందో కొలిచారట.

"తక్కువ పారుతున్నదని ఆ నరం కుట్లు విప్పి మళ్ల కుట్టిండ్రంట. అప్పుడు మంచిగ పారింది."

"మళ్ల విప్పిండ్రా?" అని రెండుసార్లు అడిగాను.

మా తమ్ముడికి పెట్టిన కిడ్నీకి రక్తం అందక నాలుగో రోజే తీసేశారు. ఇట్లా కొలిచారో లేదో మాకెవరూ చెప్పలేదు. అడగాలని మాకు తెలియదు. ఇప్పుడు వాడు డయాలసిస్ మీద ఉన్నాడు, గ్లాసు నీళ్లు కూడా లెక్కపెట్టుకుని తాగుతాడు. ఆమె తమ్ముడు తిరిగొచ్చి నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగుతుంటే ఓర్వలేక కిటికీ వైపు తిరిగాను.

"మీ తమ్ముడెట్లున్నడక్కా?"

"మంచిగున్నడు."

ఆమె సంతోషంగా నా చేయి పట్టుకుంది. నేను దిగాల్సిన మహబూబాబాద్ ఎప్పుడొస్తుందా అని చూశాను.

ఇంటికి వెళ్లాక తమ్ముడు, "రైల్ల సీటు దొరికిందా అక్కా?" అని అడిగాడు. దొరికిందన్నాను. ఆమె సంగతి మాత్రం వాడికి ఇప్పటికీ చెప్పలేదు.