బొచ్చె తలలోని తెల్లగింజ

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ ఉప్పల్‌లో చేపల దుకాణం దగ్గర ఆగాను. మనవరాలికి తలకాయ పులుసంటే ప్రాణం. దుకాణం అబ్బాయి పెద్ద బొచ్చె ఒకటి తీసి, పొలుసు గీకి, "తలకాయ కొట్టాల్నా అమ్మా, గట్లనే ఇయ్యాల్నా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే కత్తి దించేశాడు. తల రెండు చెక్కలైంది. నా కళ్లు వాటంతటవే మెదడు కిందికి వెళ్లాయి. అక్కడ పుర్రె అడుగున చిన్న గుంటలో, ఆవగింజ కంటే కొంచెం పెద్దదిగా, తెల్లటి గింజ ఒకటి కనిపించింది. అతను చెంబుడు నీళ్లు కొట్టేసరికి అది కాస్తా మోరీలోకి పోయింది. నేను పైకే "అయ్యో" అన్నాను. ఏం తప్పు చేశానోనని అతను కంగారుపడ్డాడు, పాపం.

ఒకప్పుడు ఆ గింజ కోసం మా అక్కా నేనూ ఎండాకాలమంతా చేపల బజార్లు తిరిగాం. అది చేప పీయూష గ్రంథి. నా ఈడువాళ్లలోనూ ఈ సంగతి ఎరిగినవాళ్లు తక్కువేనేమో, అందుకని కొంచెం చెబుతాను. రవ్వ, బొచ్చె వంటివి ఏటి నీళ్లలో పుట్టిన చేపలు. చెరువులో ఎంత బాగా పెరిగినా, కడుపు నిండా గుడ్లు పట్టినా, వరద తగలనిదే గుడ్లు పెట్టవు, కొన్నాళ్లు ఎదురుచూసి వాటిని తమ ఒంట్లోకే ఇంకించుకుంటాయి. అందుకని బాగా ఎదిగిన మరో చేప తలలోంచి ఆ గ్రంథి తీసి, నూరి, నీళ్లలో కలిపి, వానపడిన సాయంత్రం తల్లిచేపకు సూది వేస్తే, వరద వచ్చిందనుకుని తెల్లారేసరికి అది గుడ్లు విడిచేది. ఇప్పుడైతే అలాంటి మందే సీసాల్లో తయారుగా దొరుకుతోంది. అప్పుడు మాకు తలలే దిక్కు.

అక్క ఘట్‌కేసర్ అవతల ఒక చేపపిల్లల కేంద్రంలో శాస్త్రవేత్త. అమ్మానాన్నలు పోయాక తన తోబుట్టువులమైన మమ్మల్నందరినీ నాచారంలో రెండు గదుల అద్దె ఇంట్లో పెట్టుకుని సాకింది. నా డిగ్రీ కాగానే అదే కేంద్రంలో తాత్కాలికంగా నాకూ పని దొరికింది. పొద్దున్నే కార్ఖానా కూత వేసే వేళకు టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఉప్పల్ వచ్చి బస్సు మారేవాళ్లం. అన్నోజిగూడ దగ్గర ఆ రోజుల్లో రోడ్డుకు రెండు పక్కలా జొన్నచేలే కనిపించేవి, ఆ చల్లగాలికి నేను అక్క భుజం మీద పడి నిద్రపోయేదాన్ని.

అక్క చదువంతా చేపల తిండి మీదే. పల్లిచెక్క, తవుడు, ఎండుచేపల పొడి ఏ పాళ్లలో కలిపి పెడితే తల్లిచేప బాగా ఎదుగుతుంది, దాని గుడ్డు ఎంత బలంగా ఉంటుంది అన్నది ఆమె పరిశోధన. చిల్లులు పెట్టిన సంచుల్లో మేత నింపి, వెదురు కర్రలకు కట్టి నీళ్లలో వేలాడదీసేవాళ్లం. నెలనెలా వల లాగి, తూచి, కొలిచి, మళ్లీ వదిలేవాళ్లం. మా శాస్త్రంలో చేపకు పేరుండదు. సగటు బరువు, సగటు పొడవు, వేసినవాటిలో ఎన్ని బతికాయి, ఇవే మాకు కావలసినవి. కానీ ఒక బొచ్చె తక్కినవాటన్నిటినీ మించి పెరిగింది. అక్క సంచి కట్టడానికి నీళ్లలోకి దిగితే చాలు, వచ్చి ఆమె మోకాళ్ల చుట్టూ తిరిగేది. ఆ వానాకాలం దానిచేత గుడ్లు పెట్టించి, ఆ గుడ్ల బలం చూపిస్తే అక్క డాక్టరేటు పూర్తయినట్టే. తూచిన ప్రతిసారీ "ఇది నా బంగారం" అని వీపు నిమిరి వదిలేది.

ఇక బజారు సంగతి. "తల పగలగొట్టినంక ఎవ్వరు కొంటరు బిడ్డా? తలకాయకే గదా బేరం" అనేవాళ్లు చేపలమ్మే పెద్దమ్మలు. వాళ్ల మాటా నిజమే. వాళ్ల పొట్ట కొట్టడం ఇష్టంలేక అక్క తాజా తలల జోలికి పోకుండా, అమ్ముడుపోక మిగిలిన ముందురోజు తలలే తీసుకునేది. ఎండలకు మంచు చాలక అవి మెత్తబడి ఉండేవి. గ్రంథి మాత్రం చూపుకు బాగానే ఉండేది. స్పిరిట్ సీసాల్లో భద్రంగా దాచుకుని, ఎవరికీ నష్టం లేకుండా పని జరిగిందని అక్క ఎంతో తృప్తి పడింది.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. అంతకు ముందేడూ కరువే. మా కేంద్రం పక్క పెద్దచెరువు మీద బతికే బెస్త కుటుంబాలు వలలు చుట్టిపెట్టి ఇటుకబట్టీలకు పోయాయి. చివరికి చెరువులోకి నీళ్లు రాగానే వాళ్ల పెద్దమనిషి వచ్చి మా గేటు దగ్గర కూర్చున్నాడు. "నీళ్లయితే దేవుడిచ్చిండు. చేపపిల్లను నువ్వే ఇయ్యాలె బిడ్డా. ఈయేడు గూడ చెరువు ఖాళీగుంటే మా పోరగాండ్లు బట్టీల్నే పెద్దగైతరు" అన్నాడు. ఇస్తానని అక్క మాటిచ్చింది.

ఆ సాయంత్రమే రవ్వలకు సూదులు వేసి, పలుచటి గుడ్డతో నీళ్లలో కట్టిన తొట్టెల్లో వదిలాం. తెల్లారి చూస్తే ఒక్క గుడ్డు లేదు. మర్నాడు మిగతా మందు వేశాం, అప్పుడూ అంతే. సీసాలు ఖాళీ అయ్యాయి. అక్క గట్టు మీద కూలబడి, "పాతతలలు గదనే. మందుల బలం సచ్చిపోయింది" అంది. బజారుకు పరుగెత్తుదామంటే, వానలకు ముందే చెరువులన్నీ ఎండి అక్కడికి పెద్ద చేపలు రావడమే మానేశాయి. మబ్బు విడిపోతోంది. ఎండ కాసి నీళ్లు వేడెక్కితే ఇక ఆ ఏటికి అంతే.

నిండుగా ఎదిగిన చేపలున్నది, బావి నీళ్లు తోడి నిలుపుకున్న మా కేంద్రం చెరువులోనే. ముసలివాటిలో ఒకదాన్ని తీద్దామన్నాను నేను. "ముసలిదాని తలల ఏముంటదే? నిండుగున్నది గావాలె, పెద్దది గావాలె" అంటూ అక్క లేచింది. మేత సంచి చేత్తో పట్టుకుని తనే నీళ్లలోకి దిగి నిలబడింది. వల అవసరమే రాలేదు. ఆ బొచ్చె తనంతట తానే వచ్చింది.

కత్తి ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. దాని కడుపు నిండా గుడ్లే ఉన్నాయి. గ్రంథి తీశాక అక్క ఆ చేప వీపు ఒకసారి నిమిరింది. నేను బాహాటంగానే ఏడ్చాను. ఆ మందు ఒక రవ్వకు సూది వేసి వచ్చాక అక్క కేంద్రంలోనే కట్టెలపొయ్యి మీద ఆ చేపను పులుసు పెట్టింది. మాకెవరికీ తినబుద్ధి కాలేదు. "పారేస్తే ఇంకింత పాపం, తినుండ్రి" అని అందరికీ వడ్డించి ప్రార్థన మొదలుపెట్టి, సగంలో ఆగిపోయింది. గుడ్ల కోసం మాతోనే కాచుక్కూర్చున్న బెస్త పెద్దమనిషి తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, మా ప్రార్థన తనకు రాకపోయినా, అక్క తేరుకునేదాకా చేతులు జోడించుకునే కూర్చున్నాడు.

తెల్లారేసరికి తొట్టె నిండా నానిన సగ్గుబియ్యంలా మెరిసే గుడ్లు. ఒక్క రవ్వ పెట్టినవే అయినా పెద్దచెరువుకు సరిపోయాయి. అక్క పరిశోధన ఆ ఏడు ఆగింది. తర్వాత తమ్ముడి చదువు, నా పెళ్లి, ఒకదాని వెనక ఒకటి వచ్చి మళ్లీ మొదలుకాలేదు. ఎందుకు ఆపావని అడిగితే చెరువు వంక చూపించేది.

అక్క పోయి కొన్నేళ్లయింది. కేంద్రం ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. చేపల కేంద్రాల్లో పనిచేసే ఇప్పటి పిల్లలు ఫోనులో మోతాదు చూసుకుని ఎన్ని చేపలకైనా సూది వేస్తున్నారు, ఒకదాని కోసం మరొకదాని తల పగలగొట్టే పని లేదు. ఎంతో మంచి మార్పు, అందరికంటే ఎక్కువ సంతోషించేది మా అక్కే. అయినా, ఏది పోగొట్టుకోవాలో తనే ఎంచుకుని, తన చేతులతోనే పోగొట్టుకున్న మనిషితో బతికినదాన్ని కదా, అలాంటివాళ్లు ఇప్పుడెక్కడున్నారోనని దిగులేస్తుంది. ఆ బొచ్చెకు పిల్లలు లేరు. అక్క పెళ్లే చేసుకోలేదు, ఆమెకూ లేరు. వాళ్ల వల్ల పెరిగినవాళ్లం మాత్రం చాలామందిమి ఉన్నాం.