పన్నెండువేల తరాల వంశవృక్షం

బేగంపేటలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరి ఏడాది నిండిన జూన్‌లో, మొదటి సోమవారం నాడు, వంశవృక్షాలు గీసే ప్రోగ్రాము బాధ్యత మొత్తం నాకు అప్పగించారు. నా హోదా సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, అంటే అక్కడ కింది నుంచి రెండో మెట్టు. మొదటి మెట్టు మీద ఆ ఏడాది ఎవరూ లేరు. నా పైన టీమ్ లీడ్ మాధవి గారు. వాళ్ల నాన్నగారి కాలంలో కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. నేను అక్కడ నాలుగేళ్లు పనిచేసి మానేశాను. ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. ప్రోగ్రాములు రాసేవాళ్లు రోజంతా ఏం చేస్తారని ఎవరైనా అడిగితే ఆ వారం సంగతే చెబుతాను.

ఎవరు ఎవరికి పుట్టారు, ఎవరు ఎవరిని పెళ్లి చేసుకున్నారు అన్న వివరాలు ఎక్కిస్తే, గోడకు తగిలించుకునే చార్టు గీసిపెట్టడం ఆ ప్రోగ్రాము పని. షష్టిపూర్తులకు బాగా అడిగేవారు. దాన్ని ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ పద్ధతిలో రాశాం. అందులో ప్రతి ఫంక్షనూ బడి లెక్కల్లోని ఫంక్షన్ లాంటిదే. ఒకటి తీసుకుంటుంది, ఒకటి తిరిగి ఇస్తుంది, మధ్యలో ఇంకేదీ ముట్టుకోదు. ప్రతి ఫంక్షన్‌కూ ఒక టైప్ ఉంటుంది. టైప్ డబ్బా మీద అంటించిన చీటీ వంటిది: లోపలికి మనిషి వెళ్తాడు, బయటికి సంఖ్య వస్తుంది, అని రాసి ఉంటుంది. చీటీలు పొసగకపోతే కంపైలరు, అంటే మేం రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే సాధనం, అక్కడే ఆపేస్తుంది.

చార్టులో ఎవరు ఏ తరంలో ఉండాలో తేల్చే ఫంక్షన్ అంతకు కొన్ని నెలల ముందు నేను రాసిందే. నియమాలు మూడు. బిడ్డ తల్లిదండ్రుల కన్నా ఒక తరం కింద ఉండాలి. తోబుట్టువులు ఒకే తరంలో ఉండాలి. భార్యాభర్తలు ఒకే తరంలో ఉండాలి. ఎక్కడైనా నియమం తప్పితే, పైన ఉన్నవారిని కిందికి జరిపి, ఫంక్షన్ తనను తానే మళ్లీ పిలుచుకుంటుంది, అంటే అదే లెక్క మళ్లీ మొదలుపెడుతుంది. జరపాల్సినవారు ఎవరూ లేనప్పుడు ఆగుతుంది.

ఆ వారం వచ్చిన పని యాదగిరి గారిది. ఆయనకు రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. ఆదివారం షష్టిపూర్తి, శనివారానికల్లా చార్టు చేతికి రావాలి. అరవై ముగ్గురి పేర్లు. మంగళవారం ఉదయం వివరాలన్నీ ఎక్కించి నడిపితే తెర అలాగే ఉండిపోయింది. కంప్యూటర్ ఫ్యాను మాత్రం గట్టిగా తిరుగుతోంది. భోంచేసి వచ్చినా అదే స్థితి.

ఆగని ప్రోగ్రాములో తప్పును వెతికే పద్ధతి ఒకటుంది. వివరాల్లో సగం తీసేసి నడపాలి. ఆగితే తప్పు తీసేసిన సగంలో ఉన్నట్టు, ఆగకపోతే మిగిలిన సగంలో ఉన్నట్టు. అలా సగాలు చేసుకుంటూ పోతే సాయంత్రానికి ముగ్గురు మిగిలారు: యాదగిరి గారు, ఆయన పెద్దక్క లక్ష్మమ్మ గారు, ఆయన భార్య అండాలమ్మ గారు. ప్రతి అడుగులో తరం సంఖ్య తెర మీద పడేలా ఒక వాక్యం చేర్చి మళ్లీ నడిపాను. నేను ఆపే సమయానికి లక్ష్మమ్మ గారు పన్నెండువేల నాలుగో తరంలో ఉన్నారు.

మాధవి గారు వెనక నుంచి చూసి, "ఏంటి కిరణ్, వీళ్లు డైనోసార్లతో వియ్యం అందారా?" అన్నారు.

కారణం అప్పుడే తెలిసింది. అండాలమ్మ గారు లక్ష్మమ్మ గారి కూతురు. యాదగిరి గారు అక్క కూతుర్ని చేసుకున్నారు. కూతురు కనుక అండాలమ్మ గారు తల్లి కన్నా ఒక తరం కింద ఉండాలి. భర్త కనుక ఆయన ఆమె పక్కకు దిగాలి. తమ్ముడు దిగాడు కనుక అక్కా దిగాలి. అక్క దిగితే కూతురు మళ్లీ ఇంకో తరం దిగాలి. దీనికి అంతు లేదు.

నేను అప్పుడు చేసిన పని సరైనది కాదు. అండాలమ్మ గారిని లక్ష్మమ్మ గారితో కలిపే ఒక్క గీతను వివరాల్లోంచి తీసేశాను. ప్రోగ్రాము రెప్పపాటులో ఆగింది. చార్టు చక్కగా వచ్చింది. బుధవారం నమూనా ప్రతి పట్టుకుని దుకాణానికి వెళ్లాను.

యాదగిరి గారు బిందెల మధ్య చార్టు పరిచి "మంచిగొచ్చింది సారూ" అన్నారు. అండాలమ్మ గారు తన పేరు మీద వేలు పెట్టి పైకి జరిపారు. పైన ఏమీ లేదు.

"ఏంది బిడ్డా, నేను మా అమ్మకు పుట్టలేదా? నీ మిషన్ నన్ను బిందెలకెల్లి తీసిందా?"

"మంచిదే అయింది," అన్నారు యాదగిరి గారు. "గిప్పటి సంది నాకు అత్త లేదు. అక్క ఒక్కతే."

"నువ్వు జెర ఊకో మామా." పెళ్లికి ముందు పిలిచినట్టే ఆమె ఇప్పటికీ భర్తను మామా అనే పిలుస్తారు. "శనివారం అమ్మ వస్తది. వచ్చుడుతోనే నా పేరే దేవులాడ్తది. ఏమని చెప్పాలె ఆమెకు?"

తరాలు కలవక కంప్యూటర్ ఆగిపోతోందని, కాదు, ఆగడం లేదని వివరించబోయాను.

"ఇన్నేండ్ల సంసారంల నాకేం తక్లీఫ్ కాలే. దానికేం పరేషాన్?" అన్నారామె.

 శనివారం ఉదయానికి సరిచేసి తెస్తానని చెప్పి వచ్చాను.

గురువారం మాధవి గారు ముందుగా నా పరీక్షల పట్టిక అడిగారు. ప్రోగ్రామును విడుదల చేసే ముందు ఏమేం పరీక్షించామో రాసుకునే జాబితా అది. పదిహేడో అంశం దగ్గర "మేనరికాలు" అని, పక్కన టిక్కు ఉంది. నేను పరీక్షించింది బావామరదళ్ల పెళ్లిళ్లే. వాళ్లది ఒకే తరం కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు. బోయిగూడలో మా పక్క వీధిలోనే ఉండే మా పెద్ద మేనత్త తన సొంత మేనమామను చేసుకుంది. పట్టిక రాసేటప్పుడు ఆ సంగతి గుర్తుకే రాలేదు.

టైపులన్నీ పొసగినప్పుడు కంపైలరు దీన్ని ఎందుకు పట్టుకోలేదని అడిగాను. ఆవిడ బోర్డు దగ్గరికి వెళ్లి చెప్పిన మాట ఇప్పటికీ నా పాఠంలో వాడతాను.

"సంఖ్య ఇస్తానని నీ ఫంక్షన్ మాటిచ్చింది. ఎప్పుడిస్తుందో చెప్పలేదు. ఎప్పటికీ తిరిగిరాని ఫంక్షన్ ఏం ఇస్తానన్నా చెల్లిపోద్ది. సంఖ్య ఇస్తానన్నా, సికింద్రాబాద్ స్టేషన్ రాసిస్తానన్నా ఒకటే. ఇచ్చే రోజు వస్తేగా అబద్ధం బయటపడేది!"

టైప్ థియరీ అనే గణిత సిద్ధాంతంలో టైపును ఒక ప్రతిపాదనగా, ప్రోగ్రామును దానికి రుజువుగా చూస్తారని ఆవిడ వివరించారు. ఆగని ప్రోగ్రామును రుజువుగా ఒప్పుకుంటే దేన్నైనా రుజువు చేయొచ్చు. అందుకే ఆ సిద్ధాంతాన్ని గట్టిగా పాటించే భాషలు, ప్రతి పిలుపూ ముందుదాని కన్నా చిన్నదాని మీదే జరుగుతోందని తేలితేనే ఫంక్షన్‌ను అనుమతిస్తాయి. మేం వాడే భాష అంత పట్టుపట్టదు. కాబట్టి చిన్నదవుతున్నది ఏమిటో మేమే చూపాలి.

ఆ మధ్యాహ్నమంతా చర్చించి మనిషి టైపునే మార్చాం. మనిషి అంటే మూడు రకాలు: చార్టు ఎవరితో మొదలవుతుందో వారు, కుటుంబంలో పుట్టినవారు, పెళ్లితో వచ్చినవారు. పుట్టినవారి తరం తల్లిదండ్రులను బట్టే వస్తుంది. పెళ్లితో వచ్చినవారి తరం మాత్రమే జీవిత భాగస్వామిని బట్టి వస్తుంది. అండాలమ్మ గారు ఈ కుటుంబంలోనే పుట్టారు కనుక ఆమె ఎవరినీ కిందికి లాగరు. భార్యాభర్తలు వేర్వేరు తరాల్లో ఉంటే మధ్యన ఏటవాలు గీత పడుతుంది. పిల్లలు ఇద్దరిలో కింద ఉన్నవారి కన్నా ఒక తరం కింద ఉంటారు. ఏ బిడ్డ దగ్గర మొదలుపెట్టినా లెక్క ముందు పుట్టినవారి వైపే నడుస్తుంది. అరవై ముగ్గురిలో ముందు పుట్టినవారు ఎప్పటికైనా అయిపోతారు.

టైప్ మార్చగానే కంపైలరు పదకొండు చోట్ల ఆపింది. ప్రతి చోటా మూడు రకాల్లో ఏదో ఒకదాన్ని నేను మరిచాను. శుక్రవారం ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చి, నాలుగింటికల్లా ముగించాను. మా మేనత్త కుటుంబాన్ని కూడా పదిహేడో అంశంలో చేర్చి నడిపాను. ఆగింది.

శనివారం ఉదయం నేను దుకాణానికి వెళ్లేసరికి లక్ష్మమ్మ గారు అప్పటికే కుర్చీలో ఉన్నారు. తన పేరు నుంచి కూతురి పేరుకు వేలితో దిగి, అక్కడి నుంచి ఏటవాలుగా తమ్ముడి దాకా ఎక్కారు.

"అన్ని గీతలు సక్కగున్నయి. గిదొక్కటి వంకర పోయిందేందే?"

"మామ ఎన్నడన్న సక్కగ నడిసిండా అమ్మా?" అన్నారు అండాలమ్మ గారు.

యాదగిరి గారు ఏమీ వినబడనట్టు చార్టు తగిలించడానికి మేకు వెతుక్కున్నారు.

ఆ వారంలో నేర్చుకున్నది ఇది. ప్రోగ్రాము ఆగడం వేరు, సరైన జవాబు ఇచ్చి ఆగడం వేరు. ఏ వివరం తీసేస్తే ప్రోగ్రాము ఆగుతుందో, నేను పెట్టుకున్న నియమం ఆ వివరం దగ్గరే తప్పు. అక్కడ తీసేయాల్సింది నియమాన్ని.