దస్తగిరన్న తవ్విన గుంత

మండుటెండ వేళ మా కోడలు ఫ్రిజ్ తలుపు తెరిచి, పై అరలో పేరుకుపోయిన మంచును గరిటె కాడతో గీకుతోంది. కడప ఎండల్లో ఆ గరగర శబ్దం వింటేనే ప్రాణానికి హాయిగా ఉంటుంది. నేను లేచి వెళ్లి ఆమె గిన్నెలోంచి గుప్పెడు మంచు తీసుకుని పిడికిలి బిగించాను. విప్పి చూస్తే ముద్ద కట్టి ఉంది. బొటనవేలితో నొక్కితే రెండుగా విరిగింది. "ఏంది మామా, చిన్నపిల్లోళ్ల మాదిరి ఆడుకుంటాండావు?" అని నవ్వింది కోడలు. "పదును చూస్తాండా" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే దస్తగిరన్న తెలియాలి. ఆయన తెలిసినవాళ్లు ఇప్పుడు ఆయన ఊళ్లోనే పెద్దగా లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

దస్తగిరన్నది జమ్మలమడుగు దిక్కున, గండికోట కొండలు కనిపించే ఒక పల్లె. దూదేకుల కుటుంబం. తండ్రి దూది ఏకుతుంటే ఈయన నాలుగెకరాల నల్లరేగడి సాగు చేసేవాడు. వరసగా వానలు మొండికేస్తే విసిగిపోయి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాళంలో చేరాడు. నేను కడపలో మిషన్ బడిలో చదువుకుని, ఇంగ్లీషు వచ్చునన్న గర్వం తలకెక్కి, అదే పట్టాళంలో గుమాస్తాగా చేరాను. ఎండకు మాడిన మా ఇద్దరినీ, మాలాంటి మరో నలభై మందినీ, ఏ అధికారికి ఏం తోచిందో గాని, కాశ్మీరు కొండల మీదికి తోలారు. అక్కడ ఒక శిబిరంలో సిపాయిలకు కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచు వాలు మీద జారడం నేర్పేవారు. దాన్ని స్కీయింగ్ అంటారు. జారేది వాళ్లు. వాళ్లు జారే వాలును వరసగా నిలబడి కాళ్లతో తొక్కి గట్టిపరిచేదీ, సామాను మోసేదీ మావాళ్లు. శిబిరం నడిపే కెప్టెన్ దొరకు తెలుగు రాదు, మావాళ్లకు ఇంగ్లీషు రాదు. మధ్యలో నేను. ఆ మధ్యలో ఉండడం ఎంత పెద్ద పనో అప్పటికి నాకు తెలియదు.

మొదటి వారం మేమంతా ఆ తెల్లదనాన్ని చూసి గుడ్లప్పగించి కూర్చుంటే, దస్తగిరన్న ఒక పార తీసుకుని వాలు అంచున నడుములోతు గుంత తవ్వాడు. గుంత గోడను అరచేత్తో తడుముతూ, పైనుంచి కిందికి ఒక్కో పొర నుంచి పిడికెడు తీసి పిసికి చూస్తున్నాడు. పత్తికొండ నుంచి వచ్చిన సుంకన్న, మాలో అందరికన్నా వాగుడుకాయ, ఊరుకోలేదు.

"ఏందన్నా, ఈడ గూడా విత్తనం ఏస్తావా ఏంది?"

"పైన చూస్తే ఏం తెలుస్తాదప్పా?" అన్నాడు దస్తగిరన్న తలెత్తకుండా. "వాన పడినాక చేన్లో తవ్వి చూడమా, పై పదునూ కింది పదునూ కలిసినాయా లేదా అని? ఇది గూడా పైనుంచి పడిందే గదా."

మా సీమలో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. వాన పడి పైన తడిసినంత మాత్రాన తొందరపడి విత్తితే, కింద పొడిమట్టి ఉన్నచోట మొలక మాడిపోతుంది. పైతేమ దిగి కిందితేమను అందుకుందా అని తవ్వి చూసుకుంటాం. పదును చూడడమంటే అదే. ఆ అలవాటుతోనే ఆయన రోజూ ఒక గుంత తవ్వాడు. థర్మామీటరు చూసి పుస్తకంలో రాయడం నా పని. నేను అంకెలు రాస్తే ఆయన మంచు చదివేవాడు. గాలి శిఖరానికి ఇవతల మంచును ఎత్తుకుపోయి అవతలి వాలు మీద పోస్తుందని, అందుకే గాలి తగిలే వాలు కంటే గాలి చాటున ఉన్న వాలుకే ఎక్కువ భయపడాలని ఆయనే నాకు చూపించాడు. మధ్యాహ్నం కరిగి తెల్లారేసరికి గడ్డకట్టిన పెచ్చు మీద కొత్త మంచు పడితే అది అంటుకోదన్నాడు. సూర్యుడి చుట్టూ వలయంలా గుడి కట్టిన రోజున, "రేపో ఎల్లుండో పడతాది, కట్టెలు లోపల పెట్టండి" అనేవాడు. చాలాసార్లు పడేది. పడనప్పుడు నేను ఎగతాళి చేస్తే, "మన ఊర్లో అయితే అన్నిసార్లు గూడా పడదు గదప్పా" అని నవ్వేవాడు.

చలికాలం నడిమిలో రెండు రోజులు తెంపు లేకుండా మంచు కురిసింది. మూడోరోజు తెరిపి ఇచ్చింది. కనుమ అవతలి గుడారాలకు సామాను చేర్చాలి. వాలుకు అడ్డంగా పోతే గంట. కిందినుంచి చుట్టి పోతే ఒక పూట. దస్తగిరన్న అప్పటికే గుంత తవ్వి నన్ను పిలిచాడు. పైన మూరెడు మందాన గట్టి పలక ఉంది. దానికింద జొన్ననూక లాంటి పొడి గింజలు. పిడికిట పడితే వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి.

"పైదీ కిందిదీ కలవలేదప్పా. ఈ నూక మీద ఆ పలక నిలవదు. అడ్డంగా పోగూడదని దొరకు చెప్పు. సుట్టూ పోదాం."

నేను వెళ్లేసరికి కెప్టెన్ గడియారం చూసుకుంటూ చిరాగ్గా ఉన్నాడు. ఆ ముఖం చూడగానే నా ఇంగ్లీషు సగం చచ్చింది. "మంచు కాస్త వదులుగా ఉందేమోనని ఒకతను అనుమానపడుతున్నాడు సార్" అన్నాను. పోకూడదన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. సామాను మోసేవాడు దొరకు కూడదని చెప్పడమా అనిపించింది నాకు. "మంచు ఎప్పుడూ వదులుగానే ఉంటుందోయ్" అని ఆయన బయలుదేరమన్నాడు. దొర అంతా విని కూడా పొమ్మన్నాడనుకుని, దస్తగిరన్న తనూ వరసలో నడిచాడు. ముందు సుంకన్న నడిచాడు. వాలు మధ్యకు చేరాడో లేదో, కాళ్లకింద ధబ్బుమని చప్పుడైంది. పైన గీత గీసినట్టు పగులు పారింది. సుంకన్నను మంచు కిందిదాకా ఈడ్చుకుపోయి ఛాతీ వరకు పూడ్చేసింది. చేతులతో తవ్వి తీశాం. కాలు రెండు చోట్ల విరిగింది. దస్తగిరన్న వాణ్ణి భుజాన వేసుకుని, తను మొదట చెప్పిన చుట్టుదావనే శిబిరానికి మోసుకొచ్చాడు.

సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని నన్ను అడిగాడు. "దాసప్పా, నేను చెప్పింది దొరకు చెప్పినావా?"

"చెప్పినా అన్నా."

"ఎట్ల చెప్పినావు?"

నేను అన్న ఇంగ్లీషు మాటలను మళ్లీ తెలుగులోకి మార్చి చెప్పాల్సి వచ్చింది. అంత కష్టమైన తర్జుమా జన్మలో చేయలేదు. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మేం సామాను మోస్తాం. నువ్వు మా మాట మోస్తావు. బరువుగా ఉండాదని మేం సగం దావలో పారేసి వస్తే నువ్వు ఊరుకుంటావా?" అన్నాడు. అంతే. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. సుంకన్నకు నేనే చెప్పి క్షమాపణ అడిగాను.

చలికాలం చివర పై అధికారి ఒకాయన చూడవస్తున్నాడన్నారు. పెద్దవాలు మీద ముప్పై మంది సిపాయిలు ఒకేసారి స్కీల మీద జారి చూపించాలి. ఆ రోజు ఆకాశం కడిగినట్టుంది. గాలి లేదు. దస్తగిరన్న పొద్దున్నే గుంత తవ్వి చేయి పెట్టాడు. మళ్లీ అదే నూక. "ఒక్కడు గూడా పోగూడదు" అన్నాడు. నేను వెళ్లి అతిథి ఎదుటే కెప్టెన్‌కు చెప్పాను, "ఆ వాలు మీదికి ఒక్కరు కూడా వెళ్లకూడదు సార్."

"వెళ్లకపోతే మంచిదేమో అంటున్నాడా ఆ గుంత తవ్వేవాడు?"

"కాదు సార్. వెళ్లకూడదు అంటున్నాడు. పోయినసారి కూడా అదే అన్నాడు. నేనే మెత్తగా చెప్పాను. తప్పు నాది."

కెప్టెన్ గుంతలోకి దిగి, చేతితొడుగు తీసి, పిడికెడు పిసికి చూశాడు. ముప్పై మందినీ పక్కనున్న చిన్నవాలుకు మార్చాడు. పిల్లకాయల ఆటలా ఉందని అతిథి మూతి ముడుచుకుని వెళ్లాడు. ఆ రోజంతా పెద్దవాలు చెక్కు చెదరలేదు. మరునాడూ కదల్లేదు. శిబిరంలో అందరూ మమ్మల్ని చూసి నవ్వడం మొదలుపెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. "పడలేదేందన్నా?" అన్నాను.

"పడనీ పడకపోనీ," అన్నాడు ఆయన. "ముప్పై మంది బువ్వ తింటాండారు గదా."

నాలుగోరోజు ఎండెక్కిన వేళ, ఎవరూ లేనప్పుడు, పెద్దవాలు మొత్తం ఊడి కింది చెట్లదాకా వచ్చింది. గడ్డి బయటపడింది. కెప్టెన్ వచ్చి దస్తగిరన్న చేయి పట్టుకుని ఊపాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి జట్టుకూ స్కీలు కట్టకముందు గుంత తవ్వించి, దస్తగిరన్న చేత నేర్పించాడు. మధ్యలో తర్జుమా నాది. ఏ దేశపు సిపాయి అయినా దాన్ని దస్తగిరి గుంత అనే పిలిచేవాడు. అది విన్నప్పుడల్లా నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది, తవ్వింది నేనైనట్టు.

యుద్ధం ముగిశాక ఆయన ఊరికి వెళ్లాను. తొలివాన పడి ఊరంతా విత్తడానికి గొర్రు కట్టి ఉంటే, ఆయన చేన్లో గుంత తవ్వుకుని, "ఇంకొక వాన రావల్ల" అంటున్నాడు. ఆయన మంచు సంగతులను ఊళ్లో ఎవరూ నమ్మలేదట. పీర్ల చావిడి దగ్గర అందరినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. సుంకన్న కాలూ, నా పిరికితనమూ, ముప్పై మందీ, ఏదీ వదల్లేదు. ముసలి తండ్రి కళ్లు తుడుచుకున్నాడు. దస్తగిరన్న సిగ్గుతో తలపాగా సర్దుకుంటూ నా చెవిలో అన్నాడు, "ఈ తూరి సగం దావలో పారేసి ఉంటే బాగుండె గదప్పా."

తర్వాత నేను కడప కోర్టులో దుబాసీగా చేరి, అందులోనే తల నెరిసి రిటైరయ్యాను. బోనులో నిలబడినవాడు వణుకుతూ చెప్పిన మాటను, జడ్జి ముఖం ఎలా ఉన్నా, చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో అప్పగించాను. లాయర్లు విసుక్కున్నారు, ఒకరిద్దరు జడ్జీలు కసిరారు. దస్తగిరన్న బరువు ఒక్కసారి దావలో పారేసినవాణ్ణి నేను. ఆ తర్వాత ఎవరి బరువూ పారేయలేదు.