గుహల పటంలో గెడ్డ మలుపు

మొన్న ఆదివారం మా మనుమరాలు స్నేహితులతో భోజనాల బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు కథ చెబుతుంటే తక్కినవారు పాచికలు వేస్తూ అందులో వీరులై నడిచే ఆట ఆడింది. గుహలో దొరికిన రాక్షసుల పిల్లలను చంపవచ్చునా కూడదా అని వాళ్లు చాలాసేపు వాదించుకున్నారు. ఆ జాతి పుట్టుకతోనే చెడ్డదనే మాట ఇప్పటి ఆట పుస్తకాల్లో తీసేశారట. అక్కడ కూర్చోవడానికి సిగ్గువేసి, చదువుతున్న పత్రిక మడిచి లోపలికి వెళ్లిపోయాను.

ఎనభైల మొదట్లో, అరకుకు అవతలి కొండల్లో ఒక జలవిద్యుత్ కాలనీలో నేను జూనియర్ ఇంజనీరును. విదేశంలో శిక్షణ పొందివచ్చిన పై అధికారి బదిలీ మీద వెళ్తూ ఆ ఆట పెట్టెను నాకిచ్చారు. రేడియో కూడా సరిగా పలకని ఆ చోట, వానాకాలపు ఆదివారం మధ్యాహ్నాల్లో నేను కథ నడిపేవాణ్ణి. మా ఇంట్లో ఉండి కాంట్రాక్టరు దగ్గర పనిచేసే బావమరిది, మా ఆఫీసులో పటాలకు నకళ్లు గీసే ట్రేసరుగా ఉన్న మిత్రుడు ఆడేవారు. మిత్రుడు ఆ కొండలవాడే. వాళ్ల ఊరు మా ఆనకట్ట ముంపులో పోతుందనీ, వాళ్లమ్మ ఇంకా ఇల్లు ఖాళీ చేయలేదనీ మాకు తెలుసు.

లేనిదాన్ని ఊహించి గీయడం నాకెన్నడూ చేతకాలేదు. అందుకని రాక్షసుల గుహలకు పటం కావలసివచ్చినప్పుడు, ముంపు సర్వే షీటు మీది ఎత్తుపల్లాల కాంటూరు గీతలనే స్కేలు తగ్గించి దించేసి, ఇళ్లున్నచోట గుహలు పెట్టాను. ఆనాటి ఆటలో పెద్ద రాక్షసులందరూ చచ్చి, లోపల తల్లులూ పిల్లలూ మిగిలారు. మిత్రుడు వాగు గీత మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపాడు.

"ఇది మా గెడ్డ మలుపు కాదేటన్నా?"

నేను ఆట పుస్తకం పేజీలు తిప్పాను. బావమరిదికి అదేమీ పట్టలేదు. వాళ్ల ఊళ్లో వేట పండుగనాడు ఉత్తచేతులతో తిరిగివచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారని మిత్రుడే ఒకప్పుడు నవ్వుతూ చెప్పిన సంగతి పట్టుకుని, "బేగి కొట్టీ గురూ, పేడనీళ్లు పోయించుకుంతావేటి?" అని ఎగతాళి చేశాడు.

"ఇంటికెల్లి పిల్లల్ని కొడితే వేటేటి? నా వీరుడు గుహ గుమ్మంలో నిలబడతన్నాడు. కొడితే ముందు వోణ్ణే కొట్టండి" అన్నాడు మిత్రుడు.

ఆ జాతి పుట్టుకతో దుష్టమని నా దగ్గరున్న పుస్తకంలో ఉంది. ఆట నడిపేవాడిదే చివరి మాట అని కూడా అదే పుస్తకంలో ఉంది. నేను మొదటిదే చదివి వినిపించాను. బావమరిది పాచిక వేశాడు. పడిన అంకెను పట్టికతో సరిచూసి, మిత్రుడి వీరుడు చనిపోయాడనీ, గుహల్లో ఇక ఎవరూ మిగల్లేదనీ ప్రకటించాను.

అతడు కోపగించుకోలేదు. టీ పూర్తిగా తాగి, మా ఇంట్లో ఎన్నడూ లేనిది, తన గ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్లాడు. ఆ తరువాత చాలాకాలం ఒకే గదిలో పనిచేశాం. మర్నాటి నుంచి నన్ను సార్ అనే పిలిచాడు. ఆ మర్యాదలో ఎంత వెతికినా లోపం దొరకదు.

ఇప్పుడు ఆ జలాశయం ఒడ్డున పర్యాటకులు ఫొటోలు తీసుకుంటున్నారు. ఆనకట్టను ఆపగల హోదా నాది కాదు. కానీ ఆ మధ్యాహ్నం నేను ఒక్క మాట మార్చి చెప్పి ఉంటే, ఆ ఊరు కనీసం ఒక కాగితం మీదనైనా నిలిచి ఉండేది.