వెనక వచ్చేవాళ్ళ కోసం ఒక మండ

మొన్న మధ్యాహ్నం వానకి ముందే పిల్లలిద్దర్నీ తెచ్చుకుందామని బడికి వెళ్ళి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ లోపలికి చూస్తే నా కూతురి సంచి ముందు వరుసలో లేదు. గోడవారన, చదువు అంటని పిల్లల్ని కూర్చోబెట్టే వెనక బల్ల మీద ఉంది. ఆ బల్ల నాకు తెలుసు. ఇంట్లో మాట్లాడే మాటే బడిలోనూ మాట్లాడుతున్నానని ఒకప్పుడు నన్నూ మొద్దుపిల్లనని అలాంటి బల్ల మీదే కూర్చోబెట్టారు.

కింది మైదాన ప్రాంతం నుంచి మా కొండల్లోకి కొత్తగా వచ్చిన టీచరమ్మ మంచివారే, నెమ్మదిగానే చెప్పారు. రెండు బొమ్మలతో పిల్లలకి ఒక ఆట పెట్టారట. ఒక బొమ్మ బంతిని బుట్టలో పెట్టి బయటికి వెళుతుంది. అది లేనప్పుడు రెండోది బంతిని డబ్బాలోకి మారుస్తుంది. మొదటిది తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? దానికి సంగతి తెలియదు గనక బుట్టలోనే అని చెప్పిన పిల్లలకి ఎదుటివాళ్ళ మనసు అర్థమైనట్టు. నా కూతురు బుట్టా అనలేదు, డబ్బా అనలేదు.

"ఎతకదు టీచర్. రెండో గుంట మొకం సూత్తాది. తీసినోలకి నవ్వాగదు కదా," అన్నదట. మా మాటలో పిల్లని గుంట అంటాం.

"అడిగినదానికి జవాబు కాదు కదమ్మా. వచ్చే ఏడాది కూడా ఈ తరగతిలోనే ఉంచుదాం," అన్నారు టీచరమ్మ నాతో.

"మీ బొమ్మకి పేనముంటే మా గుంట సెప్పినట్టే సేత్తాది మేడమ్," అన్నాను. డిగ్రీ చదివిన నోట అంత కోపంలో వచ్చింది మా మాటే.

ఎదుటివాళ్ళ మనసును నేను మాత్రం బొమ్మల దగ్గర నేర్చుకున్నానా? చిన్నప్పుడు విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కోసం అమ్మమ్మ వెంట అడవికి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు, ముందు నడిచేవాళ్ళు దారి చీలిన చోటల్లా పోకూడని దారికి అడ్డంగా ఒక పచ్చిమండ విరిచి వేసేవారు, వెనక వచ్చేవాళ్ళు చూసుకుని రెండో దారి పడతారని. ఒకసారి ఆ పని నాకప్పగిస్తే, బాగా కనబడాలని ఎగిరెగిరి చెట్టుకొమ్మకి తగిలించాను. అమ్మమ్మ పకపకా నవ్వింది.

"నీ తలమీద ఏటుందే గుంటా? గాలి! ఎనకొచ్చే మీ పెద్దమ్మ తలమీద ఆకుల మోపుంది. మోపున్నోలు పైకి సూడగలరేటి?" అని మండని తీసి నేలమీద పరిచింది.

ఆ తరవాత దారిలో ఎవరు ఎదురైనా ముందు వాళ్ళ తలమీద ఏముందోనని చూసేదాన్ని; ఇప్పటికీ చూస్తాను.

ఇప్పుడా దారుల మీద తారు పడింది. మలుపు మలుపుకీ బాణం గుర్తులు, కొండలు చూడటానికి వచ్చేవాళ్ళకి ఫోన్లే దారి చెబుతాయి, మండ విరిచేవాళ్ళు లేరు. నాకు తెలిసిన దారి వెనకవాళ్ళకి తెలియకపోవచ్చునని ఆగి వంగే అలవాటు కూడా దాంతోపాటే పోయిందేమోనని దిగులుపడేదాన్ని. బొమ్మల ఆటలోనూ ఎదుటివాళ్ళ మొహం చూసిన నా బిడ్డలో అది మిగిలింది. ఎలా మిగిలిందో నాకూ తెలియదు. దాన్ని మాత్రం వెనక బల్ల మీదికి నెట్టనివ్వను.

మర్నాడు పొద్దున్న జడలు వేస్తూ కూతురికీ, పక్కన చోడి అంబలి తాగుతున్న దాని తమ్ముడికీ ఇదే చెప్పాను.

"టీచరమ్మ మీద కోపం వద్దు. ఈ కొండల్లో ఆవిడ మన ఎనకాల నడుస్తన్నారు, దారి తెలీదు. మీరేటి అనుకున్నారో, ఎందుకనుకున్నారో నిదానంగా సెప్పండి. మండ మనమే ఎయ్యాల. ఎనక బల్ల మీద మాత్రం కూకోకే గుంటా. కూకోమంటే నిలబడు. నేనొచ్చి నీ పక్కన నిలబడతాను."