ఈజిప్టు బియ్యం, నల్ల నువ్వులు

జపానువాళ్ళు అన్నాన్ని ముద్దగా నొక్కి, మధ్యలో ఏదో ఒకటి కూరి తింటారని నాకు మా అమ్మాయి చెప్పింది. ఒనిగిరి అంటారట. తొమ్మిదేళ్ళ పిల్ల. పది రోజులు ఇంట్లోంచి కదలకుండా పప్పన్నం తిన్నాక, ప్రపంచంలో బియ్యంతో ఇంకేం చేస్తారో ఫోన్‌లో పరిశోధన చేసింది.

ఇది 2021 మొదట్లో మాట. మాది దుబాయ్, అల్ కుసైస్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. చలికాలం మాతో గడుపుదామని అమ్మా నాన్నగారూ కాకినాడ నుంచి వచ్చారు. వచ్చిన రెండో వారం నాన్నగారు కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరారు. మిగిలిన నలుగురినీ పది రోజులు గడప దాటొద్దన్నారు. ఆసుపత్రికి ఎవర్నీ రానివ్వరు. రోజూ పొద్దున్నే ఒక మలయాళీ నర్సు నాకు ఫోన్ చేసేది. ఆవిడ చెప్పింది నేను అమ్మకి చెప్పేవాణ్ణి. అంటే, నా పద్ధతిలో.

నాకు ఏదైనా కాస్త తగ్గించి చెప్పే అలవాటుంది. ఇంజనీరింగ్‌లో మూడు సబ్జెక్టులు పోయినప్పుడు "ఒకటీ అరా అటూ ఇటూ అయ్యాయి" అన్నాను. అదే ధోరణిలో, నాన్నగార్ని ఐసీయూకి మార్చిన రోజు "వార్డు మార్చారమ్మా, ఇది కాస్త విశాలంగా ఉంటుందట" అన్నాను. మొహానికి మాస్కు బిగించి ఆయన్ని మాట్లాడొద్దన్నప్పుడు "ఫోన్ ఛార్జర్ దొరకట్లేదట" అన్నాను. నాలుగు రోజులు అమ్మ ఆయన గొంతు వినలేదు. ఛార్జర్ గురించి రెండుసార్లు అడిగి, మూడో రోజు మానేసింది. నమ్మిందనుకున్నాను.

మా పది రోజులూ ముగిసిన మధ్యాహ్నం సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. జపాను బియ్యం లేదు. మన సోనా మసూరి ఈ పనికి రాదు, దాంట్లో ఏ మెతుకు దారి దానిదే. ఈజిప్టు బియ్యం పొట్టిగా, జిగురుగా ఉంటుందని షాపతను చెప్తే అది తెచ్చాను. పైన చుట్టడానికి సముద్రపు నాచు కాగితం కావాలి, అదీ లేదు. బదులుగా నల్ల నువ్వులద్దినా బాగుంటుందని మా అమ్మాయి చూపించిన వంట వీడియోలో ఆవిడ నవ్వుతూ చెప్పింది. నువ్వులు మా ఇంట్లోనే ఉన్నాయి.

బయటి నుంచి ఎవరొచ్చినా తిన్నగా బాత్రూంలోకి వెళ్ళి తలారా స్నానం చెయ్యాలని ఆ రోజుల్లో మా ఇంటి చట్టం. బియ్యం కడిగి కుక్కర్లో పడేసి, ముదీర్‌తో, అంటే వాళ్ళ మేనేజరుతో, ఆన్‌లైన్ మీటింగుందని మా ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను స్నానం ముగించేసరికి కుక్కరు దిగింది.

"నాన్నా, వేడి మీదే చెయ్యాలట! చొక్కా తర్వాత తొడుక్కోవచ్చు, రా!"

ఉప్పునీళ్ళతో చేతులు తడుపుకుని, గుప్పెడు అన్నం తీసుకుని, మధ్యలో గుంట చేశాను. అందులో ఉప్పులో ఊరిన పుల్లటి పండేదో పెట్టాలట. మాకు మాగాయ ఉంది. ముక్క పెట్టి, మూసి, త్రికోణం రావాలని అరచేతులు కాలుతున్నా నొక్కాను. రాలేదు. గుండ్రంగానే వచ్చింది. మన చేతులకి అలవాటైన ఆకారం అదొక్కటే కాబోలు. నువ్వులద్ది మూడు చేశాను. ఫొటో కోసం మా అమ్మాయి పళ్ళెంలో అరిటాకు ముక్క వేసింది. వెలుతురు బాగుంటుందని పళ్ళేన్ని బాల్కనీ తలుపు దగ్గర నేల మీద పెట్టి, నేను దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

కునుకు తీసి లేచిన అమ్మ అప్పుడే గదిలోంచి వచ్చింది.

ఆవిడ చూసింది ఇదీ: తల మీంచి నీళ్ళు కారుతూ, నడుముకి తడి తువ్వాలు తప్ప ఏమీ లేకుండా కొడుకు. వాడి ముందు అరిటాకులో, నల్ల నువ్వులతో, మూడు అన్నం ముద్దలు.

అమ్మ అరవలేదు. గోడ పట్టుకుని మెల్లిగా కిందికి జారింది.

"నాకు చెప్పకుండానే కానిచ్చేస్తున్నావురా?" అంది.

"కానివ్వడమేంటమ్మా? ఇది టిఫిను."

"తిథైనా చెప్పు. ఏ రోజు పోయారు?"

అప్పుడు నేనూ ఆకు వైపు చూశాను. బతికున్న మనిషికి నా చేతులతో నేను ఏం చేసి పెట్టానో అప్పటికిగానీ నా కళ్ళకి కనపడలేదు. "లేదమ్మా, అబ్బే, జపాను..." అన్నాను. అంతకంటే మాట రాలేదు. నాకు మాట రాకపోవడం చూసి అమ్మకి ఇంకా నిశ్చయమైపోయింది.

ఈలోగా ఫొటో తీయడం అయిపోయిన మా అమ్మాయి ఒక ముద్ద తీసుకుని కొరికింది.

"ఉమ్మెయ్యవే! ఉమ్మెయ్!" అమ్మ పెట్టిన కేకకి మా ఆవిడ హెడ్‌ఫోన్లతో సహా బయటికొచ్చింది.

"ఎందుకు నానమ్మా? బాగుంది. కొంచెం కారం, అంతే."

అమ్మ పిల్ల చెయ్యి లాక్కుని చూసింది. తెల్లటి అన్నం మధ్యలోంచి ఎర్రటి నూనె కారుతోంది.

"ఏవిట్రా ఇది?"

"మాగాయ."

"పిండంలో మాగాయ పెడతార్రా ఎవరైనా?"

"పెట్టరమ్మా."

అమ్మ ఆ ముక్కని చాలాసేపు చూసింది. "అయితే ఉన్నారా?"

"ఉన్నారు."

"మరి ఫోనెందుకు చెయ్యరు? ఛార్జర్ అన్నావంటే చెంప పగలగొడతాను."

నాకప్పటికి నలభై రెండేళ్ళు. అయినా చెయ్యి దానంతటదే చెంప మీదికి వెళ్ళింది. అలా పట్టుకునే అంతా చెప్పాను. ఐసీయూ అని, మాస్కు అని, ఆక్సిజన్ ఎనభై ఎనిమిది దగ్గర ఊగుతోందని, ఈ రెండు రోజులూ ఏమీ చెప్పలేమని డాక్టరన్నాడని. మా ఆవిడకీ ఇందులో సగం తెలియదు. తలుపు దగ్గరే నిలబడి వింది.

"చూపించు," అంది అమ్మ.

నర్సు ఫోన్ ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. పొద్దున ఆవిడతో మాట్లాడినవాణ్ణి నేనే. అయినా ఆ రింగు వింటున్నంతసేపూ ఆకు వైపు చూడలేకపోయాను. మూడోసారి ఎత్తి, వీడియో పెట్టి, ఫోన్‌ని మంచం వైపు తిప్పింది. మాస్కు కింద నాన్నగారి మొహం సగమే కనపడుతోంది. చుట్టూ యంత్రాలు. నర్సు చెవి దగ్గర ఏదో చెప్తే కళ్ళు తెరిచి, రెండు వేళ్ళు పైకెత్తారు.

అమ్మ కూడా రెండు వేళ్ళు ఎత్తింది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగింది.

"ఇదా విశాలంగా ఉండే వార్డు?"

"రేపట్నుంచి ఆ నర్సమ్మాయి ఫోన్ నాకు చేస్తుంది. నీకు కాదు."

మర్నాటి నుంచి అలాగే జరిగింది. అమ్మకొచ్చిన హిందీ పది మాటలు. వాటిలో "కిత్నా?" ఒకటి. అది చాలింది. తొలిరోజు ఫోన్ పెట్టేసి హాల్లోకి వచ్చి, మా ముగ్గురి ముందూ నిలబడి చెప్పింది: "ఎనభై ఆరు. నిన్నటికన్నా రెండు తక్కువ. నాకు భయంగా ఉంది." మా ఇంట్లో ఆ మాట పైకన్నది ఆవిడే మొదలు. దాన్ని తగ్గించే మాట కోసం వెతికాను. దొరకలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

తొమ్మిదో రోజు కూడా అదే గొంతుతో చెప్పింది: "తొంభై ఐదు. మాస్కు తీసేశారు. ఇడ్లీ అడిగారట. పెట్టలేదట."